బండి దాటేలోగా విరవాలి

సాలూరులో ఇప్పుడు లారీ కొనడం ఒక ఎత్తు, దానికి నంబరు కొనడం ఇంకో ఎత్తు. కూడితే తొమ్మిది రావాలట. 4500 అయినా సరే, 7011 అయినా సరే. 9999 దొరికిందా, ఇక జాతకం తిరిగిపోయినట్టే. ఆ నాలుగు తొమ్మిదుల కోసం రవాణా శాఖ వేలంలో లక్షలు పోసే మారాజులున్నారు. ఆ డబ్బుతో నాలుగు టైర్లు మార్చుకోరా నాయనా, రేపు ఒడిశా ఘాటీ ఎక్కాలి కదా అంటే వినరు. పెద్దవాళ్ళ మాట వినడం మా రోజులతోనే పోయింది.

నమ్మకాల మీద నాకేం కోపం లేదు. మా రోజుల్లోనూ బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టేవారు, కొబ్బరికాయ కొట్టకుండా బండి కదిలేది కాదు. నా బాధల్లా ఏమిటంటే, లక్షలు పోసి కొన్న నంబరు లోపల ఏముందో ఒక్కడూ విప్పి చూడడు. 9999ని విరవండి. 9, 11, 101. ఆ తొమ్మిది మళ్ళీ మూడు మూళ్ళు. అయిపోయింది. బొరుగుల ఉండలా చేత్తో నొక్కితే రాలిపోయే నంబరు. పైగా అంకెలు కూడితే తొమ్మిది వచ్చే ఏ సంఖ్యయినా తొమ్మిదితో తెగి తీరుతుంది. మూడో, ఆరో వస్తే మూడుతో తెగుతుంది. అంచేత ఈ తొమ్మిది పిచ్చివాడికి జన్మలో ఒక్క ప్రధాన సంఖ్య కూడా బండి మీదకి రాదు. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా తెగని సంఖ్యే కదా ప్రధాన సంఖ్య. నాలుగంకెల్లో అలాంటివాటిలో అన్నిటికన్నా పెద్దది 9973. దాన్ని ఎవరూ పాడరు. కూడితే ఇరవై ఎనిమిది, అంటే పది, అంటే ఒకటి. "ఒకటి మనకి అచ్చిరాదు మాస్టారూ" అంటాడు ఓనరు.

ఇంకో ముచ్చట. మా విజయనగరం జిల్లా బండ్లకి ఏపీ 35 అని ఉండేది. 2019లో రాష్ట్రం మొత్తానికీ ఏపీ 39 అన్నారు. 2022లో మా ఊరిని పార్వతీపురం మన్యం జిల్లాలో కలిపారు. 35 అంటే ఏడైదులు, 39 అంటే పదమూడు మూళ్ళు, రెండూ విరిగేవే. విశాఖపట్నం వాళ్ళకి మాత్రం అప్పట్లో 31, నిఖార్సైన ప్రధాన సంఖ్య. మంచివన్నీ పెద్ద ఊళ్ళ వాళ్ళకే పోతాయి.

మా రోజుల్లో నంబరు కంటబడితే విరవడం అలవాటు. ఆ విద్య పెట్టినవారు మా లెక్కల మాస్టారు. సాయంత్రం బడి వదిలాక మమ్మల్ని రోడ్డు పక్కన వరసగా నిలబెట్టి, వచ్చే లారీ నంబరు చూపించి, "బండి దాటేలోగా విరవాల్రా" అనేవారు. అప్పటి లారీలు మూలుగుతూ వచ్చేవి కనుక మాకు వ్యవధి ఉండేది. ఇప్పటి స్పీడుకి శ్రీనివాస రామానుజన్ వచ్చి నిలబడినా కష్టమే. పద్ధతి ఏమిటంటే, సరిసంఖ్యయితే సగం చెయ్యి. అంకెలు కూడి మూడు చూడు. చివర అయిదో సున్నాయో చూడు. ఒక అంకె విడిచి ఒక అంకె కలిపి, తేడా కట్టి పదకొండు చూడు. ఏడు దగ్గర్నుంచి మాత్రం భాగహారమే గతి. వంద లోపు ప్రధాన సంఖ్యలు ఇరవై అయిదే. నాలుగంకెల సంఖ్య ఏదైనా ఆ ఇరవై అయిదింటికీ లొంగలేదంటే ఇక దేనికీ లొంగదు. ఎందుకని? వందని వందతో గుణిస్తే పదివేలు. పదివేల లోపు సంఖ్య రెండు ముక్కలైతే అందులో ఒక ముక్క వంద కన్నా చిన్నదిగా ఉండక తప్పదు. ఈ 'ఎందుకని' మాకు చిన్న క్లాసులోనే చెప్పారు. ఇప్పుడు పదో తరగతి లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న వాణ్ణి అడిగి చూడండి, మొహం మొహం చూస్తాడు.

ఒకనాడు 8051 నంబరు బండి వచ్చింది. రెండు పోదు. కూడితే పద్నాలుగు, మూడు పోదు. అయిదు పోదు. ఏడుకి ఒకటి మిగిలింది. పదకొండు పోలేదు. పదమూడుకి నాలుగు మిగిలింది. బండి మలుపు తిరిగేసింది. సగం మంది "ప్రధాన సంఖ్యేనండీ" అని చేతులు దులిపేసుకున్నారు. మాస్టారు కదల్లేదు.

"తొంభై తొంభైలు ఎంత?"

"ఎనిమిది వేల నూరండీ."

"దీనికి ఎంత తక్కువ?"

"నలభై తొమ్మిదండీ."

"నలభై తొమ్మిది ఎవడి వర్గం?"

"ఏడుదండీ."

"మరింకేటి చూస్తన్నారు?"

తొంభైలోంచి ఏడు తీస్తే 83, తొంభైకి ఏడు కలిపితే 97. 83 × 97 = 8051. రెండు వర్గాల తేడా అంటే మొత్తాన్ని తేడాతో గుణించడమే. ఈ సూత్రాన్ని ప్రతి పిల్లాడూ పరీక్షకి బట్టీ పడతాడు. దాన్ని లారీ మీద ప్రయోగించవచ్చని మాకు ఆ రోజే తెలిసింది. ఫెర్మా అనే ఫ్రెంచి లాయరు 17వ శతాబ్దంలో పెద్ద సంఖ్యల్ని ఇలాగే విరిచాడని చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. ఈ 8051ని గుర్తుపెట్టుకోండి, దీంతో ముందు పని ఉంది.

విరవడం అలవాటు కావడానికి అప్పటి డబ్బు కూడా సాయపడిందిలెండి. 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు పైలు, వెరసి రూపాయికి 192 పైలు. ముగ్గురు అన్నదమ్ములకి ఒక రూపాయి పంచాలంటే తలా అయిదణాల నాలుగు పైలు, గొడవ లేదు. ఇప్పుడు వంద పైసలు ముగ్గురికి పంచండి, ఒక పైసా మిగిలి మొహం వేలేస్తుంది. కూరల దుకాణంలో అమ్మమ్మలు కూడా అర, పాతిక, పరక, వీసం అని ముక్కలు చేసి బేరమాడేవారు. ఏ సంఖ్య ఎన్ని విధాల తెగుతుందో వాళ్ళకి నోటి మీద ఉండేది. దశాంశం వచ్చాక లెక్క సులువైంది, సంఖ్యతో చనువు పోయింది.

మా పైన కొండల్లో ఉన్న సవరల లెక్క వింటే ఇంకా ముచ్చటేస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా ధారపోసి రాసుకున్న భాష అది. వాళ్ళు పన్నెండు దాకా విడివిడి పేర్లతో లెక్కపెట్టి, పదమూడుని 'పన్నెండూ ఒకటి' అంటారు. ఇరవై దాటాక ఇరవైల లెక్క. ముప్ఫై తొమ్మిదంటే ఇరవై, పన్నెండు, ఏడు. మనం పదుల్లో లెక్కపెట్టినా వాళ్ళు పన్నెండుల్లో లెక్కపెట్టినా పదమూడు గింజల్ని సమానంగా పంచడం ఎవరి వల్లా కాదు. ప్రధాన సంఖ్య ఏ భాషలోనైనా, ఏ లెక్కలోనైనా ప్రధాన సంఖ్యే. మరి ఈ తొమ్మిది మహిమ? అది మనం పదుల్లో రాసుకోవడం వల్ల వచ్చిన గారడీ. పదిలోంచి ఒకటి తీస్తే తొమ్మిది కనుక అంకెల కూడికకి ఆ గుణం పట్టింది. పన్నెండుల్లో రాసుకుంటే ఆ మహిమంతా పదకొండుకి పోతుంది. అప్పుడు వేలంలో పోసిన లక్షలు ఏ దేవుడికి చెల్లినట్టు?

మా మనవడికి ఇదంతా చెబితే, "తాతయ్యా, 8051 ఫోన్‌లో కొడితే అర సెకను" అన్నాడు. నిజమే, అర సెకను. వాడు ఇంటర్ చదువుతున్నాడు. లెక్క కట్టడు, నాలుగు జవాబుల్లో ఏది కాదో తీసేసుకుంటూ వస్తాడు. అదీ ఒక తెలివే, కాదనను. పరీక్ష దాటేస్తాడు. కానీ ఒకటిని పదిహేడుతో భాగించమంటే యంత్రం మీద 0.0588235294 అని చూపించి ఊరుకున్నాడు. తర్వాత ఏమొస్తుందిరా అంటే, "ఇంతే తాతయ్యా, స్క్రీను అయిపోయింది" అన్నాడు.

స్క్రీను అయిపోయింది గానీ లెక్క అవ్వలేదు. పలక మీద చేస్తే 0588235294117647 దాకా పదహారంకెలు వచ్చి, అక్కడ మళ్ళీ మొదటికొస్తుంది. ఏడుతో భాగిస్తే 142857, ఆరంకెలకి తిరుగుతుంది. పదమూడుతో భాగిస్తే పన్నెండుకి తిరగాల్సింది ఆరింటికే తిరిగేస్తుంది. ఏడూ పదిహేడూ తమకన్నా ఒకటి తక్కువ అంకెలతో పూర్తి చుట్టు తిరుగుతాయి, పదమూడు సగంలోనే వెనక్కొస్తుంది. ఎంత పెద్ద ప్రధాన సంఖ్యకైనా ఈ గుణం చూడాల్సిందే. ఇలా పూర్తి చుట్టు తిరిగే ప్రధాన సంఖ్యలు అంతులేకుండా ఉన్నాయా? 1927లో ఆర్టిన్ అనే గణితవేత్త ఉన్నాయనే ఊహించాడు. పదుల లెక్కలో ఇంతవరకు నిరూపణ లేదు. ఈ ప్రశ్నని ముందుకి తోసినవారిలో మనవాడొకడున్నాడు. 1953లో గుంటూరులో పుట్టి కెనడాలో స్థిరపడ్డ ఎం. రామ్ మూర్తి. 1984లో రాజీవ్ గుప్తాతో కలిసి, ఏదో ఒక లెక్కలో ఇలాంటివి అంతులేకుండా ఉంటాయని నిరూపించాడు. దాన్ని మెరుగుపరిచి 1986లో హీత్-బ్రౌన్ అనే ఇంగ్లీషువాడు 2, 3, 5లలో కనీసం ఒకదానికి ఆ మాట నిజమన్నాడు. ఏదో మాత్రం ఎవరూ తేల్చలేదు! పలక మీద పదహారంకెల దాకా ఓపిక పట్టనివాడికి ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. నా సణుగుడంతా అందుకే.

ఇక పెద్ద ప్రధాన సంఖ్య అంటే ఎంత పెద్దది? 2024 అక్టోబర్‌లో ల్యూక్ డ్యురాంట్ అనే అమెరికా కుర్రాడు ఒకదాన్ని పట్టాడు. రెండుని 13,62,79,841 సార్లు వేసి గుణించి, ఒకటి తీసెయ్యాలి. వచ్చినదానిలో అంకెలే 4,10,24,320. పేజీకి మూడు వేల అంకెలు అచ్చేసినా పదమూడు వేల పేజీలు దాటుతుంది. ఇలా రెండు ఘాతంలోంచి ఒకటి తీస్తే వచ్చేవాటిని మెర్సెన్ సంఖ్యలంటారు, 17వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి పేరు మీద. వీటికి ప్రత్యేకమైన పరీక్ష ఉంది కనుకే అంత పెద్దవి దొరుకుతున్నాయి. 1876లో లూకా అనే ఆయన ఆ దారిలోనే రెండు ఘాతం 127 తీసుకుని, 39 అంకెల ప్రధాన సంఖ్యని కాగితం మీద తేల్చాడు. యంత్రం లేదు. డ్యురాంట్ పలు దేశాల్లో గ్రాఫిక్స్ చిప్పులు అద్దెకి తీసుకుని వెతికాడు.

మనవడు ఇది ఫోన్‌లో చదివి వినిపించి, "నీ చేతి లెక్క ఇక్కడ పనికొస్తుందా తాతయ్యా?" అన్నాడు. అటకమీంచి క్లార్క్స్ లాగ్ టేబుల్స్ తీయించాను. అందులో రెండుకి లాగ్ 0.3010. దాంతో 13,62,79,841ని గుణిస్తే 4,10,20,232. అంటే నాలుగు కోట్ల పది లక్షల ఇరవై వేల పైచిలుకు అంకెలన్నమాట. అసలు లెక్కకి తేడా నాలుగు వేల చిల్లర, పదివేలకి ఒకటి. నాలుగు స్థానాల పట్టికకి అంతకన్నా ఏం కావాలి? తర్వాత చివరి రెండంకెలు చెప్పాను. రెండు ఘాతాల చివరి రెండంకెలు రెండో ఘాతం దగ్గర్నుంచి ఇరవైకోసారి తిరుగుతాయి. ఘాతాన్ని ఇరవైతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. రెండు ఇరవై ఒకటో ఘాతం 20,97,152, చివర 52. ఒకటి తీస్తే 51. నాలుగు కోట్ల అంకెల సంఖ్యకి చివర 51 అని వంటింటి గుమ్మంలో కూర్చుని చెప్పాను. వాడు ఫోన్‌లో సరిచూసుకుని, "బావుందేటో" అని లోపలికి పోయాడు. పొగడ్తకి కూడా ఇప్పుడు మాటలు తగ్గిపోయాయి.

ఇంత పెద్దవాటితో అన్నం ఉడకదు, ఆ మాటా నిజమే. పనికొచ్చేవి అంతకన్నా చిన్నవి, మూడు వందల అంకెలవి. 1977లో అమెరికాలో రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ అనే ముగ్గురు ఒక తాళం కట్టారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు తీసుకుని గుణించు. వచ్చిన లబ్ధాన్ని నడిబజారులో పెట్టినా పరవాలేదు. లోపలి రెండు సంఖ్యలు మాత్రం దాచుకో. గుణించడం చిటికెలో పని, వెనక్కి విరవడం గగనం. ఇప్పుడు బ్యాంకుల వెబ్‌సైట్లలో వాడే ఈ తాళంలో ఒక మామూలు కొలత 617 అంకెలు. సరిగ్గా కట్టినదాన్ని ఇంతవరకు ఎవరూ విరవలేదు. 2020లో 250 అంకెలదాన్ని విరిచారు. ఆ పనంతా ఒకే ఒక్క ప్రాసెసరు కోర్ మీద పెడితే 2,700 ఏళ్ళు పట్టేది. వేలంలో 9999 పాడుకున్న ఓనరు ఆ డబ్బు ఫోన్‌లోంచే కడతాడు కదా. ఎవరూ విరవలేని సంఖ్యల కాపలాలో డబ్బు పంపించి, చేత్తో నొక్కితే రాలే నంబరు కొనుక్కుంటాడు.

ఇప్పుడు 8051 తీయండి. 83, 97 దగ్గరి సంఖ్యలు కనుకే మాస్టారు బండి మలుపు తిరిగాక కూడా విరవగలిగారు. రెండు ప్రధాన సంఖ్యలూ మూడేసి వందల అంకెలవైనా సరే, మరీ దగ్గరదగ్గరగా ఉంటే ఇదే దెబ్బకి పోతాయి. పోవడమంటే నిజంగానే పోయాయి. 2022లో హన్నో బాక్ అనే జర్మనీ ఆయన, పేరున్న కంపెనీల ప్రింటర్లు తయారుచేసిన తాళాల్ని ఫెర్మా పద్ధతితోనే విరిచి చూపించాడు. వాటిలో ప్రోగ్రాము రాసినవాళ్ళు ఒక ప్రధాన సంఖ్య పట్టుకుని, దాని పక్కనే ఉన్న రెండోదాన్ని ఎత్తేశారు. పెద్ద చదువులు చదివినవాళ్ళే రాసి ఉంటారు. వాళ్ళలో ఒక్కడైనా చిన్నప్పుడు సాలూరు రోడ్డు మీద నిలబడి ఉంటే ఆ పని చేసేవాడు కాదు.

ఇప్పటి పిల్లల మీద ఇంత సణిగాను కదా, వాళ్ళ పక్షాన ఒక మాట కూడా చెప్పాలి. ఇచ్చిన సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడానికి ఖాయమైన, వేగమైన దారి కోసం శతాబ్దాలుగా వెతికారు. 2002 ఆగస్టులో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, ఆయన దగ్గర అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఆ దారి చూపించారు. వాళ్ళు పట్టుకున్న మూలం మాకు తెలుగు పండితులు ఛందస్సులో చెప్పిన మేరు ప్రస్తారం. గురువులు, లఘువులు ఎన్ని రకాలుగా పడతాయో లెక్కించడానికి హలాయుధుడు పదో శతాబ్దంలో వివరించిన మెట్ల కట్టు అది. ఏడో వరస వెయ్యండి: 1, 7, 21, 35, 35, 21, 7, 1. అంచుల్లో ఒకట్లు వదిలేస్తే లోపలివన్నీ ఏడుతో తెగుతాయి. ఎనిమిదో వరసలో 28 వస్తుంది, 70 వస్తుంది, ఎనిమిదికి లొంగవు. ప్రధాన సంఖ్య వరస మాత్రమే నిండా తెగుతుంది. వందల అంకెల సంఖ్యకి ఆ వరసంతా రాయడం బ్రహ్మతరం కాదు. రాయకుండానే సారం లాగే ఉపాయం ఈ ముగ్గురిదీ. మా పండితుడుగారు ఈ మెట్లు వేసినప్పుడు వెనక బెంచీలో నిద్రపోయినవాళ్ళు మా తరంలోనూ ఉన్నారు, వాళ్ళ పేర్లు ఇప్పుడెందుకు.

అసలు నాకు గుండెల్లో ముల్లులా గుచ్చుకునేది వాల్తేరు సంగతి. సాలూరు నుంచి పట్టుమని పూట ప్రయాణం లేదు ఆంధ్రా యూనివర్సిటీకి. 1940లలో అక్కడ గణితం చెప్పినవారిలో టి. విజయరాఘవన్, వి. రామస్వామి ఉన్నారు. ఈ ఇద్దరూ లెక్కకట్టింది ఏమిటో తెలుసా? సంఖ్యని విరిస్తే అందులో వచ్చే అన్నిటికన్నా పెద్ద ముక్క ఎంత ఉంటుంది అని!

లారీ నంబరు మీదే చూడండి. 7250ని విరిస్తే 2, 5, 5, 5, 29. పెద్ద ముక్క 29. 7250 వర్గమూలం 85 చిల్లర, దానికి బాగా లోపల. 6014ని విరిస్తే 2, 31, 97. వర్గమూలం 77 చిల్లర, పెద్ద ముక్క దాన్ని దాటేసింది. రోడ్డు మీద ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకమే. సంఖ్యలు పెద్దవయ్యే కొద్దీ, నూటికి 69 సంఖ్యల్లో పెద్ద ముక్క వర్గమూలాన్ని దాటి ఉంటుంది. ముక్కలన్నీ చిన్నవిగా ఉండే మెత్తని సంఖ్యలు తక్కువ. ఎంత తక్కువ అన్నది 1930లో స్వీడన్‌లో డిక్‌మన్ అనే ఆయన చెప్పాడు. 1947లో విజయరాఘవన్, చౌలా అనే ఇంకో గణితవేత్తతో కలిసి అత్యధిక ప్రధాన కారణాంకం మీద వ్యాసం రాశారు. 1949లో రామస్వామి వాల్తేరు నుంచి అమెరికన్ గణిత సంఘం బులెటిన్‌కి ఆరు పేజీలు పంపారు. ఇచ్చిన హద్దుకి మించిన ప్రధాన కారణాంకం లేని సంఖ్యలు ఎన్ని ఉంటాయో, అంచనాలో తప్పు ఎంతకి మించదో అందులో హద్దు కట్టి నిరూపించారు. అప్పట్లో దీనికి పని ఏముంది? ఏమీ లేదు.

ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి పని వెతుక్కుంటూ వచ్చింది. పెద్ద తాళాల్ని విరిచే పద్ధతుల్లో ముఖ్యమైనవి ఆ మెత్తని సంఖ్యల్ని ఏరుకునే నడుస్తాయి. అవి ఎన్ని దొరుకుతాయో తెలిస్తేనే తాళం విరవడానికి ఎంతకాలం పడుతుందో, తాళం ఎంత పెద్దది పెట్టుకోవాలో తెలుస్తుంది. 1977లో ఒక పత్రికలో 129 అంకెల సంఖ్యని విసిరి, విరిచినవాడికి వంద డాలర్లు అన్నారు. కొన్ని వందలమంది తమ కంప్యూటర్లు కలిపి 1994లో విరిచారు. వాళ్ళు నెలల తరబడి ఏరింది రామస్వామి లెక్కపెట్టిన జాతినే.

మా ఊరు సంగీతానికి పేరు. సాలూరి రాజేశ్వరరావు గారి పాట రేడియోలో వస్తే ఇప్పటికీ కొట్టు కట్టేవాడు కూడా ఆగి వింటాడు. ఘంటసాలకి పాట నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారిని తలుచుకోని సభ లేదు. ఉండాల్సిందే. మరి మూడు జిల్లాల అవతల కాదు, మన ఉత్తరాంధ్రలోనే కూర్చుని లోకంలో తాళాల లెక్క కట్టిన మాస్టారి పేరు మీద ఒక వీధి పలకైనా నాకెక్కడా కంటబడలేదు. అడిగితే, "రామస్వామా? ఏ సినిమా?" అంటారు.

పాఠ్యపుస్తకాలు రాసేవారికి నా మనవి ఒక్కటే. పదో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠం వాస్తవ సంఖ్యలు. ప్రతి సంఖ్యా ప్రధాన సంఖ్యలుగా ఒకే విధంగా విరుగుతుందని అక్కడే చెబుతారు. ఆ పాఠం చివర ఉదాహరణలకి లారీ నంబర్లు ఇవ్వండి, 8051 తప్పకుండా వెయ్యండి. కింద ఒక్క వరసలో 'వి. రామస్వామి, ఆంధ్రా యూనివర్సిటీ, వాల్తేరు, 1949' అని అచ్చెయ్యండి. ఆ పేజీలో ఖాళీ ఉంది, నేను చూశాను.